నాలుగోసారి ముంచినప్పుడు

మధ్యాహ్నం రెండున్నర. రంగుల ఫ్యాక్టరీ వెనకాల, నేలలోకి లోతుగా కట్టిన మురుగునీటి తొట్టి దగ్గర ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ తీరిగ్గా కూర్చుని డిప్పర్ కాడను ఒక్కో ముక్కా బయటికి లాగి పదిహేను అడుగులు చేసింది. డిప్పర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, పొడుగాటి గొట్టం చివర ఓ ముంత. మనిషి దిగలేని చోటి నుంచి నీళ్లు తోడి పరీక్షకు పంపుతారు.

పదిహేడేళ్లు ఈ పని ఆవిడ భర్త చేశాడు. పదకొండు వారాల కింద ఇక్కడికే వచ్చాడు, మళ్లీ ఇంటికి రాలేదు. తొట్టి తోడించి చూశారట, ఏమీ లేదన్నారు. ఎవరితోనో లేచిపోయాడని జనం చెవులు కొరుక్కున్నారు. కంపెనీవాళ్లు జాలిపడి ఆయన పని ఆవిడకే ఇచ్చారు. ఏడ్చి ఏడ్చి ఆవిడకి కన్నీళ్లు ఇంకిపోయాయి. తినేది అన్నమో మన్నో కూడా తెలియడం లేదు.

ఈ తొట్టి ఇక వాడరు, ఇవాళ ఆఖరి నమూనా. అది తీసి ఆవిడ సంతకం పెడితే, మరిది తొట్టికి ఇనుప మూత వేసి వెల్డింగ్ చేసేస్తాడు. ఆయన లోపల ఉన్నాడో లేడో ఇక ఈ జన్మకి తెలియదు. మరిది సామాను ముందేసుకుని గోడ నీడన కూర్చున్నాడు. అన్న ఊసెత్తితే చాలు, మొహం తిప్పుకుంటాడు.

మూడుసార్లు ముంచి, ఆ నీళ్లతోనే ముంతను కడిగి పారబోయాలి. నాలుగోసారి తోడిందే సీసాలో పోయాలి. అదీ పద్ధతి. ఆయనకి ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా మూడుసార్లు కడిగితే గానీ ముట్టేవాడు కాదు.

మొదటిసారి ముంచింది. కడిగి పారబోసింది. కింద చీకట్లో ఎక్కడో... నీళ్లు గలగలా తిప్పి పారబోసిన చప్పుడు.

ప్రతిధ్వని కాబోలనుకుంది.

రెండోసారీ అంతే. కాసేపాగి, కింద అదే చప్పుడు. మూడోసారి ఆవిడ నీళ్లు తోడి, పారబోయకుండా ఊరికే నిలబడింది. కింద మాత్రం కడిగారు... పారబోశారు. కుళ్లిన రంగుల వాసన ఒక్కసారిగా ఆగిపోయింది.

నాలుగోసారి ముంచింది. కాడ పైకి రాలేదు. ఎవరూ లాగడం లేదు... పట్టుకున్నారంతే. చేతిలోంచి గిన్నె అందుకున్నట్టు, మెత్తగా.

“మీరేనా?” అని గుసగుసగా అడిగింది.

కాడ ఒక్కసారి కిందికి ఊగింది. అవునన్నట్టు.

ఇన్నాళ్లకి ఆవిడకి గుండె కొట్టుకోవడం తెలిసింది. సంతోషమేసింది. మరిదిని పిలిచింది.

“మూత వెయ్యకు. మీ అన్నయ్య లోపలే ఉన్నాడు.”

“వదినా... తోడి చూశారు కదా.”

“నేను సంతకం పెట్టను. వెళ్లి మేనేజర్‌కి చెప్పు.”

ఆవిడ మొహం చూసి అతను సామాను అక్కడే వదిలేశాడు. ఆఫీసు వైపు గబగబా నడిచాడు.

కాడ వదులైంది. ఆవిడ మెల్లగా పైకి లాగి నేలమీద పెట్టింది. ముంతలో చుక్క లేదు. గుడ్డ పెట్టి తుడిచినట్టు పొడిగా ఉంది. కాడ పొడుగునా బురద చేతిముద్రలు, ఒకదాని పైన ఒకటి. ఆయనవి చేటలంత చేతులు. ఆవిడ తన అరచెయ్యి ఆనించి చూసుకుంది. ముద్ర అందులో సగం కూడా లేదు.

ఏడాది బిడ్డ చేతులంతే ఉన్నాయి.

ముంత దగ్గర్నుంచి ఒక్కో ముద్రే చూసుకుంటూ కాడ పై కొస దాకా వచ్చింది. ఆఖరిది, ఇందాకట్నుంచీ తను పట్టుకున్న చోటికి జానెడు పైన ఉంది... ఇంకా తడారలేదు.