కృతజ్ఞతా కూడిక

ఆ ఉదయం మందస దగ్గరి ఒక ఇంట్లో పులావుకి ఉల్లిపాయలు వేగుతున్నాయి. చర్చి సంఘంవాళ్ల కోసం సంఘపెద్ద ఫిలిప్పు వాకిట్లో కుర్చీలు వేస్తున్నాడు. అతని భార్య సత్యమ్మ ఏళ్ల తరబడి పలాస ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసి తీసి నడుం పోగొట్టుకుంది. విశాఖలో వెన్నుకి ఆపరేషన్ చేయించుకుని మొన్ననే తన కాళ్లమీద ఇంటికొచ్చింది. సంఘపెద్ద భార్య నడిచొస్తే కృతజ్ఞతా కూడిక పెట్టకుండా ఉంటారా!

ఆ నడిచొచ్చిన మనిషి మాత్రం మంచం దిగడం లేదు.

"లేత్తే తల పగిలిపోతందండీ. పడుకుంటే తగ్గతంది. డాక్టరుగారికి ఓపాలి ఫోన్ సెయ్యండి," అంది.

ఫిలిప్పుకి గుర్తుంది. తలనొప్పి వస్తే వెంటనే చెప్పమని ఇంటికి పంపేటప్పుడు విశాఖ డాక్టరు మరీమరీ అన్నాడు. కానీ వీధి చివర అప్పుడే సంఘంవాళ్ల పాట వినిపిస్తోంది.

"కూడికయ్యాక సేత్తాను. ఊరందరికీ సెప్పుకున్నాను, నా పరువు తియ్యకు. కాసేపు కూసుని దేవుడు సేసిన మేలు సాక్ష్యం సెప్పీ, సాలు."

ఆవిడ లేచొచ్చి అందరిముందూ కూర్చుంది. చెంగు తలమీద కప్పుకుని, పాపం, నవ్వింది కూడా. "దేవుడు నాకు మల్లీ నడకిచ్చినాడు" అంటుండగానే మాట ముద్దయిపోయింది. వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయింది.

మళ్లీ విశాఖే. స్కానింగు చూసి డాక్టరు తల పట్టుకున్నాడు.

"వెన్నులో కోసిన చోటునుంచి నీరు కారిపోతోంది. మెదడు చుట్టూ ఉండేదీ ఆ నీరే. అది తగ్గి, మెదడు కిందికి జారి, వెనకభాగంలో రక్తం చిమ్మింది. చాలా అరుదు. కానీ తలనొప్పి అన్నప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

టెక్కలిలో టీచరుగా చేసే కూతురు ఇవాంజెలిన్ అప్పుడే వచ్చి ఆ మాట వింది.

"అమ్మ నీకు సెప్పిందా?"

"సెప్పిందమ్మా."

"మరేటి సేసినావు నాన్నా? అమ్మకన్నా ఆ కూడిక ఎక్కువైపోయిందా?"

"దేవుడి పేరు సెప్పినాను గానీ, పదిమందిలో నా గొప్పకోసమే కూసోబెట్టినాను," అన్నాడు ఫిలిప్పు. ఆమె మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత తండ్రితో మాట్లాడలేదు.

నీరు కారే చోటు మూశారు. సత్యమ్మ ఉంటుందో పోతుందో తెలియని రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచింది. నాలుక ఇంకా సరిగ్గా తిరగడం లేదు.

"సాక్ష్యం... మజ్జిలో ఆపేసినాను. మీ పరువు పోయిందేటండీ?"

ఫిలిప్పు మంచం కడ్డీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భర్త ఏడవడం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. కంగారుగా దిండుమీంచి తల ఎత్తబోయింది.

"నాన్నా, ఊరుకో! అమ్మ లేత్తంది!" ఇవాంజెలిన్ అతని భుజం పట్టుకుంది.

అతను గబగబా కళ్లు తుడుచుకుని భార్య తలని మెల్లగా దిండుమీదికి చేర్చాడు.

"లేవకు సత్యమ్మా. నాకోసం ఇంకెప్పుడూ అలా లేవకు."