నీళ్ళలో రూళ్ళకర్ర

ఎడమకు తిప్పమని ఆమె చెప్పింది. అతను ఎడమకే తిప్పాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆమె ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ముగ్గురు క్లాస్‌మేట్లను వెంటేసుకుని ఏడాదిపాటు ఒక పట్టకారు తయారుచేసింది. వ్యోమగాములు బరువు తెలియని చోట రాళ్ళ ముక్కలు ఏరి, అవి చెదిరిపోకుండా డబ్బాలో మూసిపెట్టుకునే పనిముట్టు అది. జట్టులో మిగతావాళ్ళు ఆమెను కెప్టెన్ అంటారు. కొంత ప్రేమతో, ఎక్కువ భయంతో.

అంతరిక్షానికి పోకుండా దాన్ని పరీక్షించాలంటే ఈ శిక్షణ కేంద్రంలోని పెద్ద కొలనే దిక్కు. మనిషికి బరువులూ బెండ్లూ సరిగ్గా సరిపెట్టి నీళ్ళలో వదిలితే మునగడు, తేలడు. పైన ఉండే పరిస్థితికి అది చాలా దగ్గర. ఏటా కొన్ని కాలేజీల జట్లను పిలిచి, వాళ్ళ పనిముట్లు ఇక్కడ పోటీగా పరీక్షించి, నెగ్గినవాటిని తరవాతి దశకి పంపుతారు. విద్యార్థులు మాత్రం నీళ్ళలోకి దిగకూడదు. అద్దాల గదిలో కూర్చుని, తెరమీద చూస్తూ మైకులో చెప్పాలి. కింద కేంద్రం డైవరు విని చేస్తాడు. నోట్లో గాలి గొట్టం ఉంటుంది కాబట్టి తిరిగి మాట్లాడలేడు. అవునంటే తల నిలువుగా ఊపుతాడు, కాదంటే అడ్డంగా.

పెళ్ళయిన మగవాళ్ళకి ఇదేం కొత్త కాదని పొద్దున్నే అద్దాల గదిలో పరీక్ష నడిపించే కంట్రోలర్ మేడమ్ జోకు వేసింది. కెప్టెన్ నవ్వే స్థితిలో లేదు.

కెమెరా పట్టుకున్న డైవరు, పట్టకారు పట్టుకున్న డైవరుకి ఎదురుగా ఉన్నాడు. అంటే తెరమీద ఎడమవైపు కనిపించేది అతనికి కుడి. ఆ కంగారులో కెప్టెన్ తన ఎడమ చెప్పింది. బిగియాల్సిన మూత ఊడింది. ఏరిన రాళ్ళన్నీ కొలను అడుగుకి జారిపోయాయి. మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచిపోయి ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. "చేపకి ఉన్న తెలివైనా లేదు" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది.

అతను గట్టెక్కేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది.

"మూత బిగించాలని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి ఎడమకెందుకు తిప్పారు?"

"మీరు ఎడమ అన్నారు."

"తప్పని తెలిసి కూడానా?"

"తెలిసే తిప్పాను" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పొడుగ్గా, నిటారుగా ఉంటాడు, వంగే రకం కాదు. జట్టువాళ్ళు అప్పటికప్పుడే రూళ్ళకర్ర అని పేరు పెట్టేశారు.

మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం ఉంది. అదే చివరిది. అదీ పోతే పట్టకారు కాలేజీ స్టోర్ రూములో పాత మోటార్ల పక్కకి చేరుతుంది, ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

కంట్రోలర్ మేడమ్ జాలిపడి, కావాలంటే డైవరుని మార్చుకోవచ్చని చెప్పింది. జట్టుకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అక్కడ మేనమామ ఉన్నాడు. ఎవరికీ సొంత మేనమామ కాదు. పిల్లల్ని గారాబం చేసే సీనియర్ డైవరు కాబట్టి ఏటా వచ్చే జట్లన్నీ అలాగే పిలుస్తాయి. ఆయన చేతిలో ఏ పనిముట్టూ ఓడిపోదు. మూత వదులైతే బొటనవేలితో నొక్కి పెడతాడు, తప్పు చెప్పినా ఒప్పే చేస్తాడు. మేనమామనే అడుగుదామని ముగ్గురూ ఒక్కటై కూర్చున్నారు.

కెప్టెన్ వాళ్ళమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడ పళ్ళ డాక్టరు. కూతురి పట్టకారు ఆలోచన పుట్టిందే ఆవిడ పళ్ళు పీకే పట్టకారు చూసి. ఆ హక్కుతో ఆవిడ క్లినిక్కి సెలవిచ్చి వచ్చి, సందర్శకుల గ్యాలరీలో ముందు కుర్చీ పట్టింది. సంగతంతా విని డాక్టరమ్మ తేల్చేసింది: "అబ్బాయి తప్పేముందే? నువ్వు చెప్పిందే చేశాడు. నా దగ్గర పనిచేసే పిల్ల అలా చేస్తే నెత్తిన పెట్టుకునేదాన్ని."

కన్నతల్లే పక్క పార్టీలో చేరడంతో కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. మొదటి రౌండు సరిపోలేదేమో, రెండో రౌండుకి అతన్ని వెతుక్కుంటూ బయలుదేరింది.

అప్పుడే వాన మొదలైంది. కొలను వెనక రేకుల షెడ్డులో అతను తడి డైవింగ్ సూట్లు ఆరేస్తున్నాడు. అంత వానలో బట్టలు ఆరేసే మనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి. ఈ వేళకి ఆరెయ్యాలని రూలు ఉండి ఉంటుంది. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఒంటికాలి మీద లేచి వచ్చిన మనిషి, తీరా అతని మొహం చూసేసరికి మొదటి వాక్యం మరిచిపోయింది. కళ్ళచుట్టూ అద్దాల అచ్చు గుండ్రంగా పడి ఉంది. దానివల్ల చిన్నపిల్లాడిలా, అప్పుడే నిద్రలేచినట్టు ఉన్నాడు.

తిడదామని వచ్చానని ఆమె నిజమే చెప్పింది. తిట్టండి, పని చేసుకుంటూ వింటానని అతను అన్నాడు. వాన హోరులో ఆమె గట్టిగా అరిస్తే తప్ప వినపడదు, అరుస్తూ ఎంతసేపని కోప్పడుతుంది? చివరికి ఆమే దగ్గరకు వచ్చి, సూటు రెండో కొస పట్టుకుంది.

"మేనమామ అయితే సర్దేసేవాడు" అంది.

"సర్దేవాడు. ఆయన చెయ్యి మంచిది. కానీ రేపు పైన దాన్ని వాడేవాళ్ళ చెయ్యి ఎలాంటిదో మనకి తెలీదు. లావు గ్లవ్స్ వేసుకుని ఉంటారు, అలిసిపోయి ఉంటారు. నేను సర్దితే అది నా చేతి పనవుతుంది, మీ పట్టకారు సంగతి ఎవరికీ తెలీదు."

ఆమె తన చేతిలోని కొసని దండెం మీదికి లాగింది.

"మీ పట్టకారు మంచిది" అన్నాడతను, సూటు ముడతలు సవరిస్తూ. "పట్టు బాగా కుదిరింది. అందుకే సాయం చెయ్యాలనిపించలేదు."

ఏడాదిలో ఎవరెవరో మెచ్చుకున్నారు. ప్రొఫెసర్ గారు పోస్టరు చూసి మెచ్చుకున్నారు, తాతయ్య ఏమిటో అర్థం కాకపోయినా మెచ్చుకున్నాడు. చేత్తో పట్టుకుని చూసి బాగుందన్నది మాత్రం ఇతనొక్కడే. కెప్టెన్‌కి ఆ క్షణంలో అతను నచ్చాడు. నచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది, అది వేరే విషయం.

తిరిగి వెళ్ళి, రూళ్ళకర్రే కావాలని చెప్పింది. జట్టు గగ్గోలు పెట్టింది. ఇది పరీక్షా, పెళ్ళిచూపులా అని ఒకడు అడిగాడు. ఆమె చూసిన చూపుకి వాడు వెంటనే నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె కంగారు పడలేదు. ప్రతిసారీ "మీ కుడికి", "మీ ఎడమకి" అని విడమర్చి చెప్పింది. అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. రాళ్ళు ఒక్కొక్కటే డబ్బాలోకి చేరాయి. ఇక మూత బిగిస్తే అయిపోతుందనగా, సగంలో అతని చెయ్యి ఆగిపోయింది.

"బిగుసుకుపోయిందా?"

తల నిలువుగా ఊపాడు.

"గట్టిగా తిప్పితే పడుతుందా?"

మళ్ళీ ఊపాడు.

గదిలో ముగ్గురూ తిప్పమను, తిప్పమను అంటున్నారు. ఆమె నోటి నుంచి మాట వస్తే చాలు, అతను తిప్పుతాడు. రూలు కూడా తప్పినట్టు కాదు. ఏడాది కష్టం ఆ ఒక్క మాట మీద ఉంది. కానీ అలిసిన చేతికి, లావు గ్లవ్స్‌కి అంత బలం ఎక్కడిది? ఆమె మైకు నొక్కింది.

"వద్దు. మూత వెనక్కి తియ్యండి. అంచు మీద రాయి ఇరుక్కుని ఉంటుంది. డబ్బా కొంచెం వంచి, దాన్ని పోనివ్వండి."

ఒకటి పోనిమ్మంటే మూడు పోయాయి. మిగిలినవాటి మీద మూత రెండు వేళ్ళతో బిగిసింది. పరీక్షకులు కాసేపు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. రాళ్ళు తగ్గాయి కాబట్టి మొదటి స్థానం రాదు, మూత అంచు మార్చాలి, కానీ పట్టకారు తరవాతి దశకి వెళ్తుంది అన్నారు. గదిలో కుర్చీలు పడ్డాయి. పోనిచ్చిన రాళ్ళే నెగ్గించాయని పరీక్షకుల్లో ఒకాయన అన్నారు కూడా.

డైవర్లు నెమ్మదిగా ఆగి ఆగి పైకి రావాలి. కెప్టెన్ తెరనే చూస్తోంది. పైకొచ్చాక ఎదురుగా చెప్పాలంటే తను నీళ్ళు నములుతుందని ఆమెకి తెలుసు. ఇప్పుడైతే అతను ఎదురు మాట్లాడలేడు. ఇంతకంటే మంచి తరుణం రాదు.

"మీరంటే నాకు ఇష్టంగా ఉంది" అంది మైకులో. "పొద్దున కోపం కూడా ఉండేది. ఇప్పుడు ఇష్టమొక్కటే మిగిలింది. మీకూ ఉంటే తల ఊపండి."

కొలనులో స్పీకరు ఒక్కరి చెవిలోనే మాట్లాడదు, నీళ్ళలో ఉన్న అందరికీ వినిపిస్తుంది. ముందు, ప్రమాదం జరక్కుండా అతని పక్కనే ఉండే కాపలా డైవర్లిద్దరూ తల ఊపారు. వాళ్ళ వెనక మేనమామ తలతో పాటు రెండు చేతులూ ఊపాడు. కెమెరా పట్టుకున్నవాడు కూడా ఊపినట్టున్నాడు, తెరమీద కొలనంతా కిందికీ పైకీ ఊగింది.

ఊపనిది అతనొక్కడే.

కెప్టెన్ మైకు వదిలేసి లేచింది. మౌనం అర్ధాంగీకారం అంటారని కంట్రోలర్ మేడమ్ ఊరడించబోయింది. సగం తనకి చాలదని చెప్పి ఆమె మెట్లు దిగి గట్టు దగ్గరికి పరుగెత్తింది.

అతను పైకి వచ్చి, అద్దాలు తీసి, గొట్టం తీసి, మొహం తుడుచుకున్నాడు. ఈ పనులన్నీ వరసలోనే చేశాడు. ఆమెకి యుగాలు గడిచాయి.

"ఇష్టం లేదా?" అంది.

"మీరు చెప్పింది చెయ్యకపోవడం ఇదే మొదటిసారి" అన్నాడతను. "అక్కడ తల ఊపితే, మీరు ఊపమన్నారు కాబట్టి ఊపినట్టు ఉంటుంది. ఇది నా అంతట నేను చెప్పాల్సిన మాట. నాకూ మీరంటే ఇష్టమే. పొద్దున చేప అని తిట్టినప్పటి నుంచీ."

కెప్టెన్‌ గట్టు మీది తువ్వాలు తీసి అతని భుజాన కప్పింది. ఎవరికీ ఆర్డరు వెయ్యకుండా ఆమె ఒక పని చెయ్యడం ఏడాదిలో మొదటిసారి జట్టు చూసింది.

గ్యాలరీలో స్పీకరు కూడా ఆన్‌లోనే ఉండటం వల్ల డాక్టరమ్మ కూతురి మాటలు మొదటి నుంచీ వింది, అతని జవాబు కిందికి దిగుతూ వింది. ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని తాపీగా గట్టు దాకా వచ్చింది. అతను తడి బట్టలతోనే లేచి నిలబడ్డాడు. ఆవిడ అతన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను బాబూ" అంది, "కుర్చీలో పడుకోబెట్టినా మగవాళ్ళు నోరు తెరవరు. నువ్వు నీ అంతట నువ్వే తెరిచావు. ఆదివారం క్లినిక్కి సెలవు, ఇంటికి భోజనానికి రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

అతను తప్పకుండా వస్తామన్నాడు. ఎన్నింటికి రావాలో కూడా అడిగాడు.