గోతిలోకి నడిచిన చుక్క

ఆ పాత క్వారీ గొయ్యికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాని ఒడ్డున నిలిపిన బండి, ఇంజను ఆపినా, బ్రేకు వేసినా, తెల్లారేలోగా కాస్తంత గోతివైపు జరుగుతుందని పనివాళ్లు చెప్పుకొనేవారు. ఒక బుల్‌డోజర్ డ్రైవర్‌తో సహా అందులో పడిపోయిన మాట నిజం. బండి తనంతట తాను జరగడం మాత్రం ఎవరూ చూడలేదు...

మా మేనబావ చూశాడు. అతను సర్వేయరు. ఇది అతను చెప్పగా విన్నదే.

గోతి చుట్టూ మట్టికట్ట వేయడానికి కొత్త బుల్‌డోజర్ వచ్చింది. ఉపగ్రహాల సాయంతో బండి ఎక్కడుందో బెత్తెడు తేడా లేకుండా చూపే పరికరాన్ని దానికి బిగించడం బావ పని. క్యాబిన్ పైన ఇనుపగొట్టం నిలిపి, దాని కొసన బోర్లించిన పళ్లెంలాంటి యాంటెన్నా బిగించాడు. డ్రైవర్ ముందు తెర పెట్టాడు. తెర మీద గోతి అంచు ఎర్రగీత, బండి పచ్చచుక్క. ఇంకో యాంటెన్నాను ఆఫీసు షెడ్డు పక్కన ముక్కాలి స్టాండు మీద నిలబెట్టాడు. బండి ఎక్కడుందన్న లెక్కంతా దాన్నుంచే మొదలవుతుంది కనుక, కదలకుండా నిలబడి ఉండడమే దాని ఉద్యోగం.

ఈ కొత్త బండి డ్రైవర్, అప్పుడు గోతిలో పడి పోయినవాడి తమ్ముడు. ఒడ్డుకు రానని మొండికేస్తే పని ఊడుతుందన్నారు. తెర ఉంటుందన్న ధైర్యంతోనే మర్నాటి పనికి ఒప్పుకున్నాడు.

బిగింపు ముగిసేసరికి చీకటి పడింది. ఇంజను ఆపి, ఇద్దరూ క్యాబిన్‌లో కూర్చుని తెర చూస్తున్నారు.

చుక్క కదిలింది.

బావ కళ్లు నులుముకున్నాడు. దిగి, టార్చి వేసి, బండి ఇనుపపట్టాల కింద చూశాడు — మట్టి కూడా చెదరలేదు. ఎక్కి చూస్తే చుక్క తాపీగా, షికారుకు బయల్దేరినట్టు, ఎర్రగీతవైపు నడుస్తోంది... గీత దాటింది... పరికరం మర్యాదగా కీచుమంది.

"సార్," డ్రైవర్ గుసగుసలాడాడు, "మనం ఇప్పుడు గోతిలో ఉన్నామా?"

"లేము."

"మరి అది ఉన్నామంటోంది."

బావ తన తొడ గిల్లుకున్నాడట. నొప్పి పుట్టినందుకు ఎంతో సంతోషించాడట.

డ్రైవర్ తెరకు చేతులు జోడించాడు. "అన్నయ్యా... నేను రాలేను. వదిన, పిల్లలు నా మీదే ఉన్నారు."

అప్పుడు తట్టింది బావకు. బండి కదలలేదు — అయితే కదలకూడనిదే కదిలి ఉండాలి. షెడ్డు దగ్గరికి పరుగెత్తాడు. స్టాండు లేదు. గేటువైపు చీకట్లో, మనిషెత్తున, ఒక పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ దూరంగా పోతోంది...

వాచ్‌మన్. స్టాండును చంటిపిల్లలా ఎత్తుకుని పోతున్నాడు.

గోతి పక్కన ఒక్కణ్ణే ఉండలేకపోయానన్నాడు. "దీనికైతే దీపముంది కదా సార్. తోడు తెచ్చుకున్నాను."

భయపడి అతను గోతినుంచి ఎంత దూరం నడిస్తే, తెర మీద బండి గోతిలోకి అంత దూరం నడిచింది.

బావ అతణ్ణి తిట్టలేదు. తిట్టేందుకు ఊపిరి కూడా అందలేదట. స్టాండు మళ్లీ దాని చోట నిలిచింది; తెర మీద చుక్క గోతిలోంచి ఒడ్డుకు తిరిగొచ్చింది. క్యాబిన్ ఎక్కి జరిగిందంతా చెప్పాడు. డ్రైవర్ తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా విన్నాడు.

"అర్థమైంది సార్. రేపు పనికి వస్తాను." చుక్క మీద వేలు పెట్టాడు. "వాచ్‌మన్‌ని స్టాండుతో ఇంకొక్కసారి గేటుదాకా వెళ్లి రమ్మనండి... గోతిలోంచి పైకి రావడం మళ్లీ చూస్తాను."

వాచ్‌మన్ ఒంటరిగా వెళ్లనన్నాడు. స్టాండు కాలొకటి పట్టుకుని, బావ కూడా నడిచాడు.