ఎర్రబడిన కంకణం

గేటు కిర్రుమంది. హైమవతి మణికట్టు మీది బాలింత కంకణం ఎర్రబడింది. ఆమె నడుముకు నూనె రాస్తున్న అమ్మమ్మ సూరమ్మ నిట్టూర్చింది. హైమవతి భర్త భాస్కరం తన చేతి జతకంకణమూ ఎర్రబడటం చూసుకుని, ఎప్పటిలాగే ముందుగదిలో ఆగిపోయాడు.

ఆ కాలంలో పురుడు వచ్చిన ప్రతి ఇంటా ఇదే పద్ధతి. పదకొండో రోజున తల్లికొకటి, తండ్రికొకటి తొడిగేవారు. కుట్లు మానాయా, నిద్ర చాలుతోందా, మనసు కుదుటపడిందా అన్నది నాడిని బట్టి కంకణమే కనిపెట్టేది. పచ్చబడితే భర్త గదిలోకి రావచ్చు. ఎర్రబడితే ఆమె బెదిరిందని అర్థం. మంచిదే మరి! పచ్చిపుండు మీద కాపురం చేసి కుళ్ళి కుళ్ళి ఏడ్చిన ఆడవాళ్ళను సూరమ్మ ఎందరిని చూడలేదు?

"పాపకు అయిదో నెల వచ్చింది. ఇంకా వాడంటే అంత భయమేమిటే?"

"భయమా? వస్తాడేమో, కాసేపు పక్కన కూర్చుంటాడేమోనని గుండె దడదడలాడుతుంది అమ్మమ్మా."

సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఓసి పిచ్చిమొహమా! గుండె కొట్టుకున్నట్టు దానికి తెలుసు గానీ, ఎందుకు కొట్టుకుందో ఏం తెలుస్తుందే? వాడితో చెప్పలేదేం?"

"లోపల ఇంకా నొప్పిగానే ఉంది. రమ్మంటే అన్నిటికీ రమ్మన్నట్టేనేమోనని..."

"నోరు లేదూ? ఇంతవరకు రా, ఆ పైన ఇప్పుడొద్దు అని చెప్పు. ఆ నొప్పి సంగతి రేపు డాక్టరమ్మకీ చెబుదాం. అందులో సిగ్గేముంది? ఒరే అబ్బాయ్, ఇలా రా!"

భాస్కరం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఎర్రగా ఉందండీ, అమ్మమ్మగారూ."

"దాన్ని కాదు, దీన్ని అడుగు," అని మనవరాలిని చూపించి, సూరమ్మ పాపను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

హైమవతి తలెత్తకుండానే అంతా చెప్పింది. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నన్ను చూస్తే హడలిపోతున్నావనుకున్నా హైమా. నీకు వినబడకూడదని సందు మొగలోనే చెప్పులు విప్పి, చేత్తో పట్టుకొస్తున్నా."

"ఆ చప్పుడు కోసమేగా నేను చెవులు రిక్కించుకుని కూర్చునేది!"

మర్నాడు సాయంత్రం సందు మొగ నుంచే టపటపా చెప్పుల చప్పుడు మొదలైంది. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది కూడాను. లోపల కంకణం భగ్గుమని ఎర్రబడింది. పాపకు పాలిస్తున్న హైమవతి దానికేసి చూడనైనా చూడలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగి, చోటు చేసింది.