సగం పాదం పలికే ఇల్లు

పొద్దు గుంకి మగ్రిబు నమాజు అయింది. గాలి లేదు. పగలంతా కాగిన రాయి ఇంకా వేడి కక్కుతోంది. హిజ్రీ పన్నెండు వందల ఎనిమిది, రజబు నెల నాలుగో రోజు. నెలవంక పడమట వేలాడుతోంది.

ఇది ఒక్కసారే చెబుతాను. మళ్ళీ అడగొద్దు.

మా లాము దీవిలో పైపేటకీ కిందిపేటకీ నడుమ ఒక ఇల్లుంది. పగడపు రాతి ఇల్లు. రెండంతస్తులు. తలుపు మీద చెక్కిన పూలని చెదలు తినేశాయి. అందులో ఎవరూ ఉండరు.

మా అమ్మ చిన్నతనంలో కొంబో అనే కవి ఉండేవాడట. ఒక పద్యానికి సగం పాదం కట్టాడట. మిగతా సగం దొరకలేదు. తిండి మానేసి తొమ్మిది రోజులు అలాగే కూర్చుని, కూర్చున్నచోటే పోయాడట. అప్పటినుంచి పొద్దు గుంకాక ఆ గుమ్మం ముందు నడిస్తే లోపలినుంచి సగం పాదం వినిపిస్తుందంటారు. మిగతా సగం చెప్పకూడదు. నోరు మూసుకుని నడిచిపోవాలి.

జాలర్లకి భయం లేదు. వాళ్ళకి పద్యం పట్టదు. చావు పద్యం కట్టే మా వాళ్ళకే. మాటలు వచ్చీ రాని పిల్లకి కూడా మా ఊళ్ళో తల్లి సగం పాదం చెప్పి ఆగుతుంది. మిగతా సగం పిల్ల అందుకోవాలి. నేను నా కొడుకు ముషాముని అలాగే పెంచాను. సగం వింటే సగం చెప్పకుండా ఉండలేడు... అదొక దురద.

ఇంకో కట్టుబాటు ఉంది మాకు. పాదం మొదలుపెట్టినవాడిది కాదు, సాక్షుల ముందు పూర్తి చేసినవాడిది. పద్యం మొత్తం ఎవరిదో తేల్చేది ఆఖరి పాదం. దాన్ని ఎవరు ముగిస్తే పద్యం వాళ్ళది.

ఇక గొడవ సంగతి. నా భర్త సముద్రంలో పోయాడు. పడవ మునిగితే నలుగురిని ఒడ్డుకి చేర్చి, ఐదోవాడి కోసం మళ్ళీ దూకాడు. ఇద్దరూ తేలలేదు. ఇది ఊరంతా ఎరుగును. ఎరిగి కూడా కిందిపేట కవి జుబేరి, వాళ్ళ పేట మసీదు అరుగు మీద కూర్చుని పద్యం విసిరాడు —

"మునిగేవాడి చెయ్యి వదిలాడు, మూట మాత్రం వదల్లేదు;
మూట బరువుకే మునిగాడు, మనం ఏడ్వాల్సిన పని లేదు."

దీనికి ఏడో రాత్రి ఇషా బాంగులోపు, అంటే రాత్రి నమాజు పిలుపులోపు, జవాబు చెప్పాలి. కవి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి, వాళ్ళ అరుగు ముందే నిలబడి చెప్పాలి. చెప్పకపోతే ఆ రెండు పాదాలూ పెళ్ళిళ్ళలో పాటైపోతాయి. నా మనవలు కూడా వినాలి.

ముషాము పన్నెండు పాదాలు కట్టాడు. ఏడో రోజు సాయంత్రం అసరు నమాజు వేళకి ముగిసింది. కాగితం మీద పెట్టలేదు. విన్నది నేనొక్కదాన్నే, అదీ గదిలో, గుసగుసగా.

మగ్రిబు అయి బయల్దేరేసరికి సముద్రం పోటు మీదుంది. ఒడ్డున దారి నీళ్ళలో ఉంది. మిగిలింది ఆ ఇంటి ముందు దారి.

మా తమ్ముడు అతుమాని దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, పోటు తగ్గనీ."

"ఇషా బాంగు ఆగుతుందా?"

"ఆ ఇల్లు ఉంది కదే..."

"నోరు మూసుకుని నడిస్తే ఇల్లు ఏం చేస్తుందిరా? పదండి."

అన్నది నేనే. ఇంకెవరూ కాదు.

జవాబు వెంట డోలు ఉండాలి, అది ఆచారం. డోలు వాయించే హేరి వచ్చాడు. నేను ముసుగేసుకుని వెనక నడిచాను.

హేరికి భయం వేస్తే నోరు ఎక్కువవుతుంది. "అతుమాని మామా, దెయ్యం తాళం తప్పితే చెప్పు, నేను సరిచేస్తా."

"ముందు నీది సరిచేసుకో. మొన్న నీ వాయింపుకి పెళ్ళికూతురు తలనొప్పని లేచిపోయింది."

"అది నా డోలుకి కాదు, పెళ్ళికొడుకుని చూసి."

ముషాము నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

ఇల్లు వచ్చింది. మాటలు ఆగాయి. నాలుగు అడుగులు... ఐదు... గుమ్మం దాటబోతున్నాం —

"ఒడ్డున కూర్చున్న పీత..."

లోపలినుంచి. ముసలి గొంతు. కోపం లేదు. పిల్లవాడి చేత వల్లె వేయించే పంతులు గొంతులా ఉంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. అది కొంబో పాదం కాదు. నా కొడుకు పాదం. వాడు కట్టిన జవాబులో మొదటిది.

మిగతా సగం నా నాలుక మీదికి వచ్చేసింది. ముసుగు అంచు నోట్లో కుక్కుకుని కొరికాను.

అతుమాని ముషాము చెవిలో అన్నాడు. "దెయ్యం కాదు, గియ్యం కాదు. జుబేరిగాడు. లోపల నక్కాడు."

"నా పాదం వాడికెలా తెలిసింది మామా?"

"గోడ పక్కన ఎవణ్ణో పెట్టాడు. రేపు వాళ్ళ అరుగు మీద ముగించి తనదంటాడు. ఇప్పుడే ముగించు. నేనూ హేరీ సాక్షులం."

నేను వాడి చొక్కా పట్టుకున్నాను. "వద్దు. నడు."

"నా పద్యం అమ్మా."

"పోతే పోయింది. నడు నాయనా."

"నాన్న మీద కట్టింది. దొంగకి ఇచ్చి పోనా?"

చొక్కా విదిలించుకున్నాడు. గుమ్మం వైపు తిరిగి గట్టిగా అన్నాడు — "లోతు కొలిచి చెబుతుందట."

తరవాత —

"అల తడపని కాళ్ళవాడు..."

"అలిసినవాణ్ణి తిడతాడట."

అలా మొదలైంది. ఆ గొంతు సగం అనడం, వీడు సగం అందుకోవడం. మూడో పాదం. నాలుగోది. హేరి చెయ్యి దానంతట అదే డోలు మీద పడింది. వాళ్ళకి సరదా ఎక్కింది. "కక్కరా దొంగా, కక్కు," అంటున్నాడు అతుమాని. పాదం పాదానికీ వీడి గొంతు పెరుగుతోంది. ఆ గొంతు మాత్రం పెరగదు, తరగదు.

నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది... పది... పదకొండు.

పన్నెండోది రాలేదు.

ముషాము నవ్వాడు. "అయిపోయిందా? గోడకి చెవులే గాని బుర్ర లేదే. ఆఖరిది మీవాడికి వినబడలేదా జుబేరీ? ఇదిగో, నేనే ఇస్తా."

నాకు అప్పుడు తెలిసింది, ఇల్లు కాచుకున్నది ఆఖరి సగం కోసమని. వాడి నోరు మూయబోయాను.

వాడు అన్నాడు — "మా నాన్న దూకిన చోట..."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అంతే. ఒక్క ఊపిరి.

"...నువ్వూ దూకావుగా. మునుగు."

నా కొడుకు కట్టిన సగం అది కాదు. ఆ గొంతు లోపలినుంచి రాలేదు. గుమ్మంలోంచి వచ్చింది.

దీపం ఆరింది. పరుగెత్తాం.

కిందిపేట అరుగు మీద పది మంది కూర్చుని ఉన్నారు. నడిమధ్య జుబేరి. కాలు దిండు మీద పెట్టుకుని కహ్వా కాఫీ తాగుతున్నాడు.

"రండి రండి. పద్యం మోయడానికి అమ్మని కూడా తెచ్చుకున్నావా తమ్ముడూ?"

అతుమాని ఆయాసంతో అడిగాడు. "ఇంతసేపూ ఎక్కడున్నావురా?"

"ఎక్కడుంటాను? రాతిచేప ముల్లు దిగి మూడు రోజులైంది." కట్టు విప్పి చూపించాడు. పాదం నల్లగా, గుమ్మడికాయంత ఉంది. "ఉచ్చ పోసుకోవాలన్నా ఇద్దరు మోయాలి. మగ్రిబు నుంచి ఇక్కడే. అడుగు వీళ్ళని."

అడగలేదు. అతుమాని నా వైపు చూశాడు. నేను చూడలేదు.

"బాంగుకి వేళయింది," అన్నాడు ఒక ముసలాయన. "చెప్పేదుంటే చెప్పు అబ్బాయ్."

హేరి డోలు మీద చెయ్యి వేశాడు. ముషాము ముందుకి వచ్చాడు.

"ఒడ్డున కూర్చున్న పీత..."

ఆగాడు.

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. "ఒడ్డున కూర్చున్న పీత..." పెదాలు కదిలాయి. గొంతు లేదు. రెండో పాదం అందుకున్నాడు. "అల తడపని కాళ్ళవాడు..." అక్కడే ఆగాడు. మూడోదీ అంతే. సగం తరవాత సగం తరవాత సగం. చెమట కారుతోంది. పిల్లలు నవ్వారు, ఆడవాళ్ళు కిటికీల వెనక నవ్వారు. నేను మిగతా సగాలు అందిద్దామని చూశాను. నాకు గుర్తు లేవు. అసరు వేళ విన్నవి, ఒక్కటీ లేదు.

జుబేరి నవ్వడం మానేశాడు.

"మీరు ఏ దారిన వచ్చారు?" అన్నాడు మెల్లగా.

చెప్పక్కర్లేకపోయింది. అరుగు మీదివాళ్ళు ఒక్కొక్కరే కాళ్ళు పైకి లాక్కున్నారు, కింద పాము పోతున్నట్టు. ముసలాయన తన మనవణ్ణి లోపలికి తోసి తలుపేశాడు.

"పెద్దమ్మా, వాణ్ణి తీసుకుపో," అన్నాడు జుబేరి. "నా పద్యం నేను వెనక్కి తీసుకుంటాను. మా పేటలో ఎవరూ పాడరు. తీసుకుపో."

ఇషా బాంగు వినిపించింది. మా ఆయన పేరు దక్కింది. ఒక్క పాదం లేకుండానే దక్కింది. దానికోసమే కదా వెళ్ళాను.

తిరుగుదారి ఒడ్డున నడిచాం. నడుము లోతు నీళ్ళు. ముషాముని నడుమ పెట్టుకున్నాం.

కొబ్బరిపాలలో ఉడికిన చేప పెట్టాను. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఆకలి..."

"వేసిందా? ఇంకొంచెం పెట్టనా?"

తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పాలని. "మామా, నా గొంతు..." అని ఆగాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"పొద్దున్నకి సర్దుకుంటుందిరా," అన్నాడు అతుమాని. "అలిసిపోయావు. అక్కా, తలుపు వెయ్యి. హేరీ, నువ్వూ ఈ రాత్రికి ఇక్కడే పడుకో."

నేను లేచి గడియ పట్టుకున్నాను.

వెనకనుంచి ముషాము పిలిచాడు. "అమ్మా, తలుపు..."

ఆగాడు.

బయట సందులోంచి, గుమ్మానికి అడుగు దూరంలో, అదే ముసలి గొంతు, ఓపిగ్గా —

"...వెయ్యకు."

గడియ వేశాను. వీపు తలుపుకి ఆనించి దీపం వెలుగులో లెక్కపెట్టాను. అతుమాని ఉన్నాడు. హేరి ఉన్నాడు. నేనున్నాను. ముషాము నా ఎదురుగా ఉన్నాడు, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని.

వెళ్ళినవాళ్ళం అందరం వచ్చాం.