మూడుసార్లు పిలిచిన దెయ్యం

ఎల్లారెడ్డి శివారుల కృష్ణమోహన్ సారు ఇల్లంటే, పొద్దుగూకినంక కుక్క గూడ అటు దిక్కు పోదు. సారు సచ్చిపోయి ఏడాదాయె. రాత్రి తొమ్మిదైందంటే చాలు, తాళమేసిన ఇంట్లకెల్లి ఒక గొంతు... ముక్కుతోని మాట్లాడినట్టు... ఆయన పేరు పెట్టి పిలుస్తదట!

గసొంటి ఇంట్లకు మూటముల్లె సదురుకొని దిగింది సత్యమ్మ. బీడీలు చేసుకొని బతికే మనిషి. మొన్నటి వానలకు ఆమె ఇల్లు కూలింది. కామారెడ్డిల ఉండే సారు బిడ్డ, "దెయ్యముందని ఎవ్వలు కిరాయికి వస్తలేరు, పైసలేం వద్దు, ఊకెనే ఉండు" అన్నది. ఈ ఇల్లు గూడ పోతే, ఇగ అన్న ఇంట్ల పడి ఉండాలె.

"దెయ్యంతోనన్న ఉంటగని, మా వదినతోని ఉండ" అన్నది సత్యమ్మ.

మొదటి రాత్రి. ఒళ్లె బీడీల చాట పెట్టుకొని కూసున్నది. తొమ్మిదైంది. గొళ్లెం పెట్టిన మూల అర్రల గరగరమని చప్పుడు...

"కృష్ణమోహనా..."

సత్యమ్మ చేతిల కత్తెర కిందవడ్డది. దెయ్యం రెండుసార్లే పిలుస్తదని, మూడోసారి పిలువదని, అందాక పలుకొద్దని వాళ్లవ్వ చెప్తుండె.

"కృష్ణమోహనా..."

కొంగు నోట్ల కుక్కుకున్నది.

"కృష్ణమోహనా... వింటున్నవా?"

మూడు! అంటే దెయ్యం కాదు, ఎవడో మనిషే! సత్యమ్మకు భయం పోయి ఒళ్లు మండింది. చీపురు పట్టుకొని అర్ర తలుపు తీసింది.

లోపల ఎవ్వలు లేరు. బల్ల మీద, దుమ్ము పట్టిన పాత వైర్‌లెస్ సెట్టు... పచ్చలైటు ఎలుగుతనే ఉన్నది. సారు దాంతోనే దూరదూరపు దోస్తులతోని ముచ్చటవెట్టేది. ఆయన పోయిన్నాడు దాన్ని బంద్ చేసుడు ఎవ్వలకు యాదికి రాలే. సత్యమ్మ కోపానికి మైకును గట్టిగ పిసికింది, దాని పక్కకున్న మాట్లాడే బటన్ ఒత్తుకపోయింది.

"ఎవడ్రా నువ్వు? సారు సచ్చి ఏడాదాయె! నువ్వు పిలుస్తుంటే ఊరంత దెయ్యమంటున్నరు!"

పట్టు వదిలింది. గరగర నడుమ జవాబొచ్చింది.

"షోలాపూర్ రాజలింగును, చెల్లె. ఇరవై ఏండ్ల దోస్తానా మాది. ఆఖరిసారి లొల్లి పెట్టుకున్నం. అలిగి పలుకుతలేడనుకున్న..." ముసలి గొంతు వెక్కివెక్కి ఏడ్చింది. సత్యమ్మకు గూడ దుఃఖమొచ్చింది.

"భయపెట్టిన్నా? మాఫ్ చెయ్యి, చెల్లె. రేపటిసంది పిలువ."

పిలువకుంటే దెయ్యం లేదు. దెయ్యం లేకుంటే కిరాయికి వచ్చేటోళ్లు ఆగుతరా? సత్యమ్మకు అప్పుడు వణుకు పుట్టింది, అసలు వణుకు.

మల్ల మైకు పిసికింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత... బంద్ చెయ్యకు! రోజు పిలువు. ఇంకింత గట్టిగ పిలువు!"