పగలు చదివిన యుద్ధం కథ

వేసవిలో ప్రైవేటు స్కూలు టీచర్లకు సెలవులు కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. సెలవులు పిల్లలకు, అడ్మిషన్ల తిప్పలు మాకు. ఆదోనిలో ఏ సందులో ఏ ఇంట్లో బడీడు పిల్లలున్నారో వెతుక్కుంటూ, కరపత్రాలు పట్టుకుని వారమంతా ఎండలో తిరగాలి. ఆ ఆదివారం మధ్యాహ్నం కాళ్ళు పీకుతుంటే చాప కూడా వేసుకోకుండా నేల మీద వాలాను. సాయంత్రం దాకా నన్నెవరూ పిలవకపోతే చాలనుకున్నాను.

అప్పుడే తిక్కయ్య సారు ఫోన్ చేశారు. ఎమ్మిగనూరులో రిటైరైన తెలుగు మాస్టారు. చిన్నప్పుడు నాకు పాఠం చెప్పారు, ఇప్పుడు కథల గ్రూపు నడుపుతున్నారు. వారానికొకసారి రాత్రి భోజనాలయ్యాక అందరం ఫోన్లో కలుస్తాం. నేను ఒక కథ చదువుతాను, తర్వాత దాని మీద మాట్లాడుకుంటాం. సారుకు చూపు మసకబారాక నా గొంతే ఆయనకు పుస్తకం.

"మల్లేశ్వరమ్మా, రేపు కర్నూల్లో నాకు కంటి ఆపరేషను. సాయంత్రం బస్సుకు పోతాండాను. మళ్ళీ ఎప్పుడు వింటానో ఏమో. ఆ యుద్ధం కథ ఇప్పుడే సదువు తల్లీ."

కాదనలేకపోయాను. గ్రూపువాళ్ళను కూడా ఫోన్లో కలిపి పుస్తకం తీస్తుంటే మా అత్త హనుమక్క గడప దగ్గర కూర్చున్నది కాస్తా గుర్రుమంది.

"పగలా? పగలు కథ సెప్తే దారిన పోయేటోళ్ళు దారి తప్పుతారు. నా కొడుకు రోడ్డు మీదుండాడు."

మా ఆయన వీరేష్ ఎమ్మిగనూరు నుంచి ట్రాలీ ఆటోలో దుప్పట్ల లోడు తెస్తున్నాడు. "ఆయప్ప ఆ రోడ్డున కండ్లు మూసుకోని తోల్తాడు లే అత్తా," అన్నాను. ఒంట్లో ఓపిక లేనప్పుడు మనిషికి నమ్మకాల మీద కూడా గౌరవం ఉండదు.

అత్త కాసేపు గొణిగింది. కానీ ఆమెకూ కథంటే ప్రాణం. పైగా మా గ్రూపులో ఊఁ కొట్టేది ఆమే. అందరూ మైకులు ఆపుకుంటారు కదా, నేను ఒంటరిగా చదువుకుంటూ పోతుంటే లైను ఉందో తెగిందో తెలియదు. అందుకని నా పక్కన కూర్చుని అత్త ఊఁ అంటుంది. ఆమె కొడుకు మాత్రం ఏ కథకూ ఊఁ కొట్టి ఎరగడు. "అట్లెట్లా? వాడు నీళ్ళు యాడ తాగినాడు?" అంటూ ప్రతి వాక్యానికీ అడ్డం పడతాడు.

"మొదలుపెడితే మధ్యలో నిలపగాకు," అంది అత్త. "దారి తప్పినోళ్ళు కథ ముగిస్తే గాని బయటపడరు."

చదవడం మొదలుపెట్టాను. పాత కథ. మంచు కొండల్లో ఒక శిబిరం కూలిపోతుంది. ఇద్దరు సైనికులు మిగులుతారు. తడిసిన కంబళ్ళు కప్పుకుని, ఒక్క మనిషే పట్టేంత సన్నని దారిలో, ఒకడి వెనక ఒకడు కిందికి బయల్దేరతారు. పక్కన లోయ. వెనక్కి తిరిగితే కాలు జారుతుంది. వెనకవాడు నిద్రలోకి జారిపోకుండా ముందున్నవాడు తన ఊరి సంగతులు చెబుతూ నడుస్తాడు. వెనక నుంచి ఊఁ, ఊఁ అని వినిపిస్తూ ఉంటుంది.

వీధిలో ఎండ కాస్తోంది. ఫ్యాను వేడి గాలి తిప్పుతోంది. నేను చదువుతున్నాను, అత్త ఊఁ అంటోంది. ఎప్పుడో ఆ ఊఁ కొంచెం మారింది. బొంగురుగా, గొంతులో నీళ్ళున్నట్టు. అత్తకు దగ్గు పట్టిందనుకుని పేజీ తిప్పాను.

"అవ్వ ఈ పొద్దు భలే ఊఁ కొడతాందక్కా," అన్నాడు ఫోన్లోంచి బజారి. కౌతాళంలో మందుల షాపు నడుపుకునే కుర్రాడు, గ్రూపులో మాట్లాడకుండా ఉండలేనివాడు.

నేను తలెత్తి చూశాను.

అత్త నా పక్కన లేదు. గడప అవతల నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధి మలుపు వైపు చూస్తోంది. నోరు మూసుకునే ఉంది.

"ఊఁ..."

నా పక్కనే వినిపించింది. ఫోన్లోంచి కాదు. తడి గొంగడి వాసన వేసింది. మే నెలలో, ఆదోనిలో, చినుకు పడి ఎన్నాళ్ళయిందో తెలియని ఇంట్లో... తడి గొంగడి వాసన.

అత్త చీర కొంగులో ముడేసుకున్న చిన్న ఫోను మోగింది. ఆమె నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. మొహం పాలిపోయింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"మల్లీ..." వీరేష్ గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఆయన గుసగుసలాడడం నేనెప్పుడూ వినలేదు. "కోటేకల్లు దాటి శానాసేపయింది. ఇంగా ఊరు రాలేదు."

"యాడుండావు?"

"అదే తెలీదు. రోడ్డు సన్నగైపోయింది. మంచు పడతాంది మల్లీ."

"ఎండాకాలం మంచేంది?"

"దారిలో ఒకాయప్ప సెయ్యెత్తితే వెనక ఎక్కించుకుంటి. కంబళి కప్పుకోనుండాడు. ఏమడిగినా ఊఁ అంటాడు. తిరిగి సూడల్లంటే... భయమైతాంది."

ఫోన్లో ఇంజను చప్పుడు. దాని వెనక, దగ్గరగా... "ఊఁ." లైను తెగింది. మళ్ళీ మళ్ళీ చేశాను. కలవలేదు.

పుస్తకం మూసేశాను. అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నిలపగాకు. సదువు. వాడు దాంట్లో ఉండాడు."

చదివాను. నా గొంతు నాకే వినిపించనంత వేగంగా చదివాను. ఊఁ అంటున్నది ఎవరో చూడకుండా చదివాను. కథ చివర ముందున్నవాడు ధైర్యం చేసి వెనక్కి తిరుగుతాడు. అక్కడ ఎవరూ ఉండరు. తోటివాడు మొదటి మలుపులోనే లోయలో పడిపోయాడని అప్పుడు తెలుస్తుంది. మళ్ళీ ముందుకు తిరిగి నడుస్తాడు. వెనక నుంచి మళ్ళీ ఊఁ. ఆ మంచులో అతను ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు, దారి అయిపోలేదు. అదీ ముగింపు.

"సూసినావా తల్లీ," అన్నారు సారు తృప్తిగా. "యుద్ధం అయిపోయినా వాడికి అయిపోదు. అందుకే రచయిత వాణ్ణి ఇంటికి సేర్చలేదు."

"మరి ఊఁ అన్నదెవరు సార్?" అన్నాడు బజారి.

"వాడి భయమే నాయనా."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "సార్, ముగింపు మారుద్దాం."

"రాసినాయన కథను మార్చే హక్కు మనకు లేదమ్మా."

"మీకు లేదేమో సార్. నా మొగుడు ఆ దారిలో ఉండాడు!"

నేను కళ్ళు మూసుకుని, పుస్తకంలో లేనిది చెప్పాను. మంచు విడిపోయింది. సైనికుడికి తన ఊరు కనిపించింది. వీధి మలుపు తిరిగాడు. తల్లి గడపలో నిలబడి ఉంది. భార్య మంచినీళ్ళు తెచ్చింది. సైనికుడు ఇల్లు చేరాడు. కథ అయిపోయింది.

"ఊఁ," అంది ఆ గొంతు. ఈసారి తృప్తిగా అంది.

పొద్దు వాలుతుండగా ట్రాలీ ఆటో వీధి మలుపు తిరిగింది. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. వీరేష్ దిగాడు. వెనక లోడు తప్ప ఎవరూ లేరు. ఆయన చొక్కా పట్టుకుని బజారున అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఆయన కొట్టినా తిట్టినా ఊరుకునేదాన్ని, మనిషి వచ్చాడు, అంతే చాలు. లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"దారి తప్పినావా?"

"ఊఁ."

"వెనక ఎక్కినాయప్ప యాడ దిగినాడు?"

"ఊఁ."

అలసిపోయాడనుకున్నాను. అలసట నాకు బాగా తెలిసిన జబ్బే. చెంబు అందుకుంటుంటే ఆయన వేళ్ళు తగిలాయి, చల్లగా ఉన్నాయి. జేబులు తడిమాను, ఫోను లేదు. "ఫోను యాడ పారేసుకుంటివి?" అంటే దానికీ ఊఁ.

సారు బస్టాండు నుంచి ఫోన్ చేశారు. కథ మీద చివరి మాట తనది కాకపోతే ఆయనకు నిద్ర పట్టదు. వీరేష్ ఇంటికొచ్చాడని చెబితే ఎంతో సంతోషించారు.

"నీ ముగింపు గురించే ఆలోచిస్తాండానమ్మా. బాగుంది. కాకపోతే ఒక సందేహం. సైనికుడు ఇల్లు చేరాడన్నావు. ఏ సైనికుడు? ముందున్నవాడా, వెనకవాడా?"

మంచం వైపు చూశాను. వీరేష్ గోడకు ఆనుకుని, నా నోటి వైపే చూస్తున్నాడు. కథ వినేవాళ్ళు చూసినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. కొడుకు కోసం అంతసేపు గడపలో నిలబడ్డ అత్త, వాడు వచ్చాక ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు. ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఇంకా వీధి మలుపు వైపే చూస్తోంది.

"లోపలికి రా అత్తా. కొడుకు వచ్చినాడు కదా."

ఆమె తిరిగి చూడలేదు. చిన్న ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఉంది. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి.

"మల్లీ," అంది గుసగుసగా. "వీరేషు మాట్లాడతాండాడు. రోడ్డు ఇంగా అయిపోలేదంట. కథ ఎందుకు నిలిపినారని అడగతాండాడు."

దీపం పెట్టే వేళయింది. నిలబడడానికి కూడా నాలో ఓపిక లేదు. అయినా గడప మీద అత్త పక్కన కూర్చుని, పుస్తకం మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను. ఇద్దరు సైనికులు మంచు కొండ దిగుతున్నారు, ఒకడి వెనక ఒకడు...

నా వెనక మంచం కిర్రుమంది.

"ఊఁ."